యాభై దాటాక చదరంగం మెరుగుపడుతుందా?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ: వయసు 56. చిన్నప్పుడు నాన్నగారి దగ్గర నేర్చుకున్న ఆట. తర్వాత ముప్పై ఏళ్లు పావు ముట్టలేదు. నాలుగేళ్లుగా మళ్లీ ఆడుతున్నారు, ఆన్‌లైన్ ర్యాపిడ్‌లో (పది నిమిషాలకు తగ్గని ఆటలు) రేటింగ్ 1150 దగ్గర రెండేళ్లుగా కదలిక లేదు. పదేళ్ల పిల్లలు ఓడించి పోతున్నారు. సిసిలియన్ నైడార్ఫ్ అనే ఓపెనింగ్ (ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరుస) మీద ఒక కోర్సు కొన్నారు, లైన్లు గుర్తుండటం లేదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా, జ్ఞాపకశక్తి తగ్గాక ఇక ఇంతేనా, టోర్నమెంట్‌కి వెళ్తే నవ్వులపాలవుతానా అని అడిగారు.

నాకిప్పుడు 63. నలభై ఏడో ఏట మళ్లీ మొదలుపెట్టాను. మీరు నిలబడ్డ మెట్టు మీదే నేనూ మూడేళ్లు నిలబడ్డాను. ఈ మధ్య 1700 దాటి అటూఇటూ తిరుగుతున్నాను. గొప్పేమీ కాదు, కానీ ఆ మూడేళ్లూ ఎందుకు వృథా అయ్యాయో నాకు బాగా తెలుసు. చాలావరకు మీరు చేస్తున్న పనే నేనూ చేశాను కాబట్టి.

ముందు ఒక సంగతి తేల్చేద్దాం. వయసు గురించి అడగ్గానే ఎవరో ఒకరు గ్రాండ్‌మాస్టర్ కోర్చ్‌నాయ్ పేరు ఎత్తుతారు. 1931లో పుట్టిన మనిషి 2009లో, 2011లో స్విట్జర్లాండ్ జాతీయ ఛాంపియన్ అయ్యాడు. నిజమే. మాజీ ప్రపంచ ఛాంపియన్ స్మిస్లోవ్ 63వ ఏట, 1984లో, క్యాండిడేట్స్ (ప్రపంచ ఛాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే పోటీ) ఫైనల్ దాకా వచ్చి కాస్పరోవ్ చేతిలో ఓడాడు. ఇంకో మాజీ ప్రపంచ ఛాంపియన్ లాస్కర్ 66 ఏళ్ల వయసులో మాస్కో 1935 టోర్నమెంట్‌లో మూడో స్థానం కొట్టాడు. మహిళల మాజీ ప్రపంచ ఛాంపియన్ నోనా గాప్రిందాష్విలి 80 దాటాక కూడా సీనియర్ ప్రపంచ టైటిల్ గెలిచింది. ఇవి వింటే ఉత్సాహం వస్తుంది, కానీ వీటితో మనల్ని మనం మభ్యపెట్టుకోకూడదు. వీళ్లంతా ఇరవైల్లోనే ప్రపంచ స్థాయికి ఎక్కినవాళ్లు, అక్కణ్ణుంచి దిగకుండా పట్టుకుని వేలాడారు. మన పని వేరు. మనం కింద నుంచి ఎక్కాలి. మన స్థాయిలో ఉన్నవాడికి గ్రాండ్‌మాస్టర్ కష్టాలు ఏవీ రావు. 1150 దగ్గర ఆటలు పోయేది లోతైన లెక్క తప్పినందుకు కాదు, గుర్రం ఊరికే పోయినందుకు. ఇది మనకు శుభవార్తే. ఊరికే పోయే గుర్రాన్ని కాపాడుకోవడానికి ఇరవై ఏళ్ల మెదడు అక్కర్లేదు.

ఇక జ్ఞాపకశక్తి భయం. 1973లో చేజ్, సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ప్రచురించారు. అంతకు ముందు డచ్ మనస్తత్వవేత్త డి గ్రూట్ చేసిన పనికి అది కొనసాగింపు. నిజమైన ఆటలోని ఒక స్థితిని ఐదు సెకన్లు చూపించి, పావుల్ని మళ్లీ పేర్చమన్నారు. మాస్టర్ ఒక్కసారి చూసి సుమారు పదహారు పావులు సరిగా పెట్టాడు, కొత్తవాడు నాలుగు. అవే పావుల్ని గాలివాటుగా చల్లి చూపిస్తే మాస్టర్ కూడా దాదాపు కొత్తవాడి స్థాయికి దిగిపోయాడు. అంటే అతడి బుర్ర కెమెరా కాదు. వేల ఆటల్లో చూసిన ఆకారాలు ముద్దలు ముద్దలుగా లోపల పేరుకున్నాయి. కోట కట్టిన రాజు, ముందు మూడు బంట్లు, ఎఫ్1 గడిలో ఏనుగు: ఇన్ని పావులు అతడికి ఒకే ఒక్క బొమ్మ. మనకు ఫోన్ నంబర్లు మరిచిపోతున్నామని దిగులు. ఆకారాలు పేరుకోవడం వేరే వ్యవహారం. నెమ్మదిగానైనా పేరుకుంటాయి, ఒకసారి కూర్చున్నాక చాలాకాలం కదలవు. నైడార్ఫ్ పదహారో ఎత్తు గుర్తుండదు, నిజమే. అది ఆకారం కాదు, ఫోన్ నంబరు.

అయితే ఆకారం తెలిస్తే చాలదు. ఇది నా పరువు తీసిన ఆటతోనే చెప్తాను.

లెగాల్ ఆటకట్టు అని ఒకటుంది. లెగాల్ ఆ కాలపు మేటి ఆటగాడు ఫిలిడోర్‌కు గురువు, పద్దెనిమిదో శతాబ్దం మనిషి. దాని నడక చాలామందికి తెలుసు (గడి పేరులో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస): నల్ల శకటు జి4కి వచ్చి తెల్ల గుర్రాన్ని మంత్రి ముందు కట్టేస్తుంది. కట్టుబడిన గుర్రం కదలదని అవతలివాడి ధీమా. తెల్ల గుర్రం మంత్రిని గాలికి వదిలేసి ఇ5 బంటును కొడుతుంది. శకటు ఆశపడి మంత్రిని తింటే, తెల్ల శకటు ఎఫ్7 బంటును కొట్టి చెక్ చెప్తుంది, రాజు ఇ7కి వస్తాడు, రెండో గుర్రం డి5కి దూకుతుంది, ఆట కట్టు. చూడటానికి అంత అందమైన ముగింపు మరొకటి లేదు. నేను దాన్ని పుస్తకంలో చూసి, పజిళ్లలో పదిసార్లు చేసి, ఎప్పుడెప్పుడు ఆడదామా అని కాచుకుని ఉన్నాను.

ఒక టోర్నమెంట్ రెండో రౌండ్‌లో ఎదురుగా ఓ పిల్లాడు. కుర్చీలో కాళ్లు నేలకు అందడం లేదు. ఇ4, ఇ5. నా గుర్రం ఎఫ్3, వాడి గుర్రం సి6. నా శకటు సి4, వాడి బంటు డి6. నా రెండో గుర్రం సి3, వాడి శకటు జి4. గుండె దడదడలాడింది. వచ్చేసింది! గుర్రంతో ఇ5 బంటును కొట్టి, గడియారం నొక్కి, వెనక్కి వాలి కూర్చున్నాను. వాడు నా మంత్రి వైపు చూడనే లేదు. సి6 గుర్రంతో నా గుర్రాన్ని తినేసి రసం తాగడం మొదలుపెట్టాడు.

లెగాల్ ఆటలో ఇ5ను కొట్టగల నల్ల గుర్రం ఉండకూడదు. ఇక్కడ సి6లో ఉంది. పైగా ఇ5కి వచ్చిన ఆ గుర్రం జి4 శకటును కాపాడుతోంది కూడా, అంటే నా మంత్రి వెళ్లి ఆ శకటును కొట్టినా లాభం లేదు, మంత్రి పోతుంది. ఒక పావు నిలువునా పోయింది, ఐదో ఎత్తుకే.

ఇంటికొచ్చాక ఇంకో సంగతి తెలిసి ఇంకా కడుపు మండింది. అదే స్థితిలో ముందు హెచ్3 ఆడి, వాడు శకటును హెచ్5కి జరిపి ఉంటే, అప్పుడు ఇ5ను కొట్టడం సరైన ఎత్తే. వాడి గుర్రం నా గుర్రాన్ని తింటే నా మంత్రి హెచ్5 శకటును తింటుంది, ఈసారి దానికి కాపు లేదు. వాడు నా సి4 శకటును కొడితే మంత్రి బి5కి వచ్చి చెక్ చెప్పి ఆ గుర్రాన్నీ తీసుకుంటుంది. ఒక బంటు లాభం. ఒక్క గడి తేడా. ఆకారం అదే, ఆట వేరు.

ఆ రోజు నాకు ఆ ఆకారం తెలియక ఓడలేదు. తెలుసు కాబట్టే ఓడాను. తెలిసింది కనపడగానే చేయి లేచింది, కళ్లు బల్ల మీద నుంచి లేచిపోయాయి. పెద్ద వయసులో నేర్చుకునేవాళ్ల జబ్బు ఇదేనని నా అభిప్రాయం. మనకు చదవడం వచ్చు, పద్ధతిగా కూర్చోవడం వచ్చు, కోర్సులు కొనడానికి చేతిలో డబ్బూ ఉంటుంది. అందుకని కొరతంతా తెలివిడిలోనే ఉందనుకుని పోగేసుకుంటూ పోతాం. చేయి మాత్రం నలభై ఏళ్ల కిందట నాన్నగారితో ఆడినప్పుడు ఎలా లేచేదో ఇప్పుడూ అలాగే లేస్తుంది. మీ సామెత నిజంగా వర్తించేది ఇక్కడే. మెదడు వంగుతుంది, వంగనంటున్నది ఆ చెయ్యి.

కాబట్టి మొదటి మందు, నాకు తెలిసినంతలో ఒకే ఒక్క అసలు మందు: ఎత్తు ఎంచుకున్నాక, ఆడేముందు, ఒక ప్రశ్న. నేను ఇది ఆడితే అవతలివాడు ఏయే చెక్‌లు చెప్పగలడు, ఏయే పావుల్ని కొట్టగలడు? మంచివే కాదు, అన్నీ. పిచ్చిగా కనిపించేవి కూడా. నా లెగాల్ ఆటలో ఈ ప్రశ్న వేసుంటే మూడు సెకన్లు పట్టేది: ఇ5ను ఏవి కొట్టగలవు? డి6 బంటు, సి6 గుర్రం. అయిపోయింది.

చెప్పడానికి ఇంతే. చేయడానికి నాకు ఏడాది పట్టింది. పదో ఎత్తు దాకా గుర్తుంటుంది, ఆట వేడెక్కగానే మరిచిపోతాం. నేను కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆన్‌లైన్‌లో మౌస్ వదిలేసి చేతులు ఒళ్లో పెట్టుకోవడం. మా ఆవిడ చూసి చలేస్తోందా అని అడిగేది. ఎత్తు ఆడాలంటే ముందు చేయి బయటికి తీయాలి, ఆ తీసే వ్యవధిలో ప్రశ్న గుర్తొచ్చేది. మీకు నచ్చిన ఉపాయం ఏదైనా పెట్టుకోండి. ఒకటి మాత్రం వద్దు: ఎత్తును ముందే కాగితం మీద రాసుకుని తర్వాత ఆడటం. పాతకాలం శిక్షకులు చెప్పేవాళ్లు, ఇప్పుడు ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) నియమాలు ఒప్పుకోవు. ఆడాకే రాయాలి.

ఈ అలవాటు మూడు నిమిషాల బ్లిట్జ్‌లో పుట్టదు. మీరు రోజుకు పది, పన్నెండు ఆటలు ఆడుతున్నానని రాశారు. అవన్నీ చేతిని ఇంకా తొందరపెట్టే సాధనే. నేను బ్లిట్జ్‌ను పాపం అనను, రాత్రి ఓ రెండు ఆటలు సరదాకి ఆడతాను. కానీ ఎదగడానికి వారానికి రెండు మూడు నెమ్మది ఆటలు చాలు. కనీసం పదిహేను నిమిషాలు, ప్రతి ఎత్తుకూ పది సెకన్లు అదనంగా. ముప్పై నిమిషాలైతే ఇంకా మంచిది. ఎత్తు ఎత్తుకూ సెకన్లు కలిసే పద్ధతే ఎంచుకోండి, ఎందుకంటే చివర్లో గడియారంతో కుస్తీ పడితే పిల్లల వేళ్లే గెలుస్తాయి. ఆట అయ్యాక మీ గడియారం చూడండి. పదిహేను నిమిషాల ఆటలో ఓడిపోయి, చేతిలో ఇంకా పదకొండు నిమిషాలు మిగిలి ఉంటే, మీరు ఆ ఆట ఆడలేదు, అవతలివాడి వేగానికి తాళం వేశారు. పిల్లలతో మనం పడే మొదటి గోతి ఇదే. వాడు టకటకా ఆడతాడు, మనకూ ఏదో పోటీ వచ్చి టకటకా ఆడతాం. వాడి బుర్రకు ఆ వేగం సరిపోతుంది, మనకు సరిపోదు.

ఓడిన ఆటలతో ఏం చేయాలో చెప్తాను, ఎందుకంటే అక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. ఆట అయిన వెంటనే ఇంజిన్ (ఎత్తులు లెక్కగట్టే ప్రోగ్రామ్) ఆన్ చేసేస్తారు. స్టాక్‌ఫిష్ లాంటి ఆ ఇంజిన్ ఎర్ర గుర్తులు పెడుతుంది, ఓహో అనుకుంటారు, మూసేస్తారు. ఏమీ మిగలదు. ముందు ఇంజిన్ లేకుండా ఆటంతా మళ్లీ నడపండి, వీలైతే చెక్క బల్ల మీద. ఎక్కడ భయపడ్డారు, ఎక్కడ ఎక్కువసేపు ఆలోచించారు, ఎక్కడ అసలు ఆలోచించలేదు, ఇవి మీ మాటల్లో రాసుకోండి. ఆ తర్వాత ఇంజిన్ తెరిచి ఒక్కటే చూడండి: గెలుపోటములు తలకిందులైన ఎత్తు ఏది. అర బంటు, పావు బంటు తేడాలు మన స్థాయిలో గాలి లెక్క, పట్టించుకోవద్దు. ఆ ఒక్క ఎత్తుకు కారణాన్ని ఒక వాక్యంలో రాయండి. 'ఎ7 నుంచి జి1 దాకా ఐమూలగా ఉన్న శకటును చూడలేదు.' 'వాడి ఎత్తు ఎందుకు ఆడాడో అడగలేదు.' 'గెలిచేశాననుకున్నాను.' నా నోటుబుక్కులో నలభై ఓటములు పోగయ్యాక తిరగేస్తే, సగానికి పైగా వాక్యాలు వాడి చివరి ఎత్తు ఏం బెదిరిస్తోందో చూడకపోవడం గురించే. ఓపెనింగ్‌లో మోసపోయి ఓడినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ పేజీలు చూశాకే నేను ఓపెనింగ్ కోర్సులు కొనడం ఆపాను.

ఆ నోటుబుక్కులో ఇంకో వింత బయటపడింది. దూరపు మూలల నుంచి వచ్చే శకట్లు, వెనక్కి నడిచే పావులు నాకు పదేపదే తప్పిపోతున్నాయి. వెనక్కి ఎత్తు కనపడకపోవడం అన్ని వయసులవాళ్లకూ ఉంది. దూరపు మూల మాత్రం నా కళ్లజోడు పని. చదువుకునే అద్దాల్లోంచి చూస్తే నా వైపు వరుసలు స్పష్టం, అవతలి మూల మసక. తల పైకెత్తితే దూరం అద్దం, అదీ సరిగ్గా పనికిరాదు. బల్ల దూరం కొలిచి చెప్పి ఆ దూరానికే ఒక జోడు చేయించుకున్నాను. నవ్వకండి. నైడార్ఫ్ కోర్సు కంటే ఆ జోడు నాకు ఎక్కువ పాయింట్లు తెచ్చింది.

టాక్టిక్స్ పజిళ్లు రోజూ చేస్తున్నానన్నారు, పజిల్ రేటింగ్ 1900 అన్నారు, మరి ఆటలో ఎందుకు కనపడటం లేదని అడిగారు. పజిల్‌లో ఎవరో ముందే గంట కొట్టి 'ఇక్కడ ఏదో ఉంది, వెతుకు' అని చెప్తున్నారు. ఆటలో ఆ గంట మోగదు. అందుకే కష్టమైన పజిళ్లతో పావుగంట కుస్తీ పట్టడం కంటే, తేలికైనవి చూడగానే గుర్తుపట్టేలా చేయడం మన వయసుకు మేలు. మూడు వందల తేలిక పజిళ్లు ఒక మూటగా తీసుకోండి. ఫోర్క్ (ఒక పావుతో రెండింటిని ఒకేసారి బెదిరించడం), పిన్ (పావును కదలకుండా కట్టేయడం), వెనక వరుస ఆటకట్టు, కాపు కాసే పావును తొలగించడం, ఇలాంటివి. రోజుకు ఇరవై నిమిషాలు, బుర్ర తాజాగా ఉన్న పూట. మూట పూర్తయ్యాక మళ్లీ అవే మొదటి నుంచి. మళ్లీ అవే. మూడోసారికి విసుగు పుడుతుంది, విసుగు పుడితేనే సరిగ్గా జరుగుతున్నట్టు. కొత్తది చేస్తే ఆనందం, పాతది తిరగేస్తే ముద్ర. ఇంకొకటి, ఊహించి ఎత్తు నొక్కకండి. అవతలివాడి జవాబు దాకా చూశాకే నొక్కండి. పజిల్‌లో జూదం ఆడేవాడు ఆటలోనూ అదే ఆడతాడు.

ఓపెనింగ్‌ల గురించి ఎక్కువ చెప్పను. నైడార్ఫ్ పక్కన పెట్టండి. అది చెడ్డదని కాదు, అవతలివాడు ఒక్క ఎత్తు బాగా గుర్తుపెట్టుకుంటే ఇరవై ఎత్తుల్లో మన రాజు చచ్చే రకం. తెల్లపావులతో ఒకటి, ఇ4కి జవాబుగా ఒకటి, డి4కి జవాబుగా ఒకటి, మూడు చాలు. ఇటాలియన్ లేదా లండన్, నల్లతో కారో-కాన్ లాంటివి మన జాతికి సరిపోతాయి, బంట్ల అమరిక ఆట ఆటకూ పెద్దగా మారదు కాబట్టి చూసిన ఆకారమే మళ్లీ మళ్లీ వస్తుంది. ఏ పావు ఏ గడికి ఎందుకు వెళ్తుందో ఒక సాయంత్రం అర్థం చేసుకోండి. తర్వాత మీ ఆటలే మీకు పాఠం: ప్రతి ఆట అయ్యాక ఎక్కడ దారి తప్పారో చూసుకుని ఒక్క ఎత్తు కలుపుకోండి, అంతే.

మిగిలిన ఓపికంతా ఎండ్‌గేమ్ (పావులు తగ్గిపోయాక వచ్చే ముగింపు దశ) మీద పెట్టండి. ఇది నా పిచ్చి, ముందే ఒప్పుకుంటున్నాను. కానీ కారణం ఉంది. ఓపెనింగ్ జ్ఞానానికి ఏటా తుప్పు పడుతుంది. ఎండ్‌గేమ్ మాత్రం ఫిలిడోర్ కాలంలో ఎలా ఉందో ఇప్పుడూ అంతే. నేర్చుకోవాల్సినవీ తక్కువే. రాజు, బంటు ముగింపులో రెండు మూడు సూత్రాలు: మీ రాజు బంటుకు ముందు నడిచి ఆరో వరుసకు చేరితే, ఎవరి వంతైనా సరే గెలుపే (అంచు బంటు అయితే తప్ప). బంటు ఏడో వరుసకు చెక్ చెప్తూ చేరితే సాధారణంగా డ్రా, చెక్ లేకుండా చేరితే గెలుపు. ఏనుగుల ముగింపులో రెండు స్థితులు: గెలవడానికి లూసెనా, కాపాడుకోవడానికి ఫిలిడోర్.

ఫిలిడోర్ ఒక్కటి చెప్తాను, మిగతావి మీరే చూసుకుంటారు. అవతలివాడికి ఏనుగు, ఒక బంటు. మీకు ఏనుగు ఒక్కటే. మీ రాజు ఆ బంటు దారికి ఎదురుగా చివరి వరుసలో నిలబడ్డాడు, బంటు ఇంకా ఐదో వరుస దాటలేదు. మీ ఏనుగును (వాడి వైపు నుంచి లెక్కిస్తే) ఆరో వరుసలో పెట్టండి, అంటే వాడి రాజు ముందుకు రావాలనుకునే వరుసలో. ఇక దాన్ని ఆ వరుసలోనే అటూఇటూ జరుపుతూ కూర్చోండి. వాడి రాజు లోపలికి రాలేడు. చివరికి విసిగి బంటును ఆరో వరుసకు తోస్తాడు. తోసిన మరుక్షణం మీ ఏనుగు అవతలి కొసకు, వాడి మొదటి వరుసకు పరుగెత్తాలి. అక్కణ్ణుంచి వెనకనుంచి చెక్ మీద చెక్. ఇంతకు ముందు వాడి రాజు బంటు ముందు నక్కి తప్పించుకునేవాడు, ఇప్పుడు ఆ గడిలో సొంత బంటే కూర్చుంది. దాక్కోవడానికి చోటు లేదు. డ్రా.

ఇది నేను నేర్చుకున్నది ఒక ఆదివారం మధ్యాహ్నం. వాడుకున్నది మూడేళ్ల తర్వాత, నాకంటే మూడు వందల పాయింట్లు ఎక్కువున్న ఒక కాలేజీ కుర్రాడి మీద, నాలుగో గంటలో. అప్పటికి కళ్లు మూతలు పడుతున్నాయి, లెక్క వేసే ఓపిక లేదు. లెక్క అక్కర్లేకపోయింది. ఏనుగు ఆరో వరుస, ఏనుగు ఆరో వరుస, బంటు తోశాడు, ఏనుగు కిందికి. కుర్రాడు ఇంకో ఇరవై ఎత్తులు తిప్పి చేయి చాపాడు. అలిసిపోయిన బుర్రకు కూడా పనిచేసేది ఎండ్‌గేమ్ జ్ఞానం, మన వయసుకు కావల్సింది అదే. పిల్లలు ఎదుట ఉన్నప్పుడు ఇంకా ఉపయోగం. పిట్ట కొంచెం కూత ఘనం అన్నట్టు మంత్రులు బల్ల మీద ఉన్నంతసేపు వాళ్ల టాక్టిక్స్ భయపెడతాయి. మంత్రులు మారిపోయి ఆట చప్పబడితే చాలామంది కుర్చీలో కదలడం మొదలుపెడతారు.

రేటింగ్ గురించి ఒక మాట, ఎందుకంటే మీ బాధలో సగం దాని వల్లే. మీకంటే 200 పాయింట్లు తక్కువున్నవాడు మీ మీద సగటున నాలుగింట ఒక వంతు పాయింట్లు తీసుకుంటాడు. రేటింగ్ కట్టే ఎలో లెక్కలోనే అది ఉంది, సిగ్గుపడాల్సింది కాదు. రెండోది, పిల్లవాడి రేటింగ్ ఆరు నెలల కిందటి వాడిది, మీ ఎదుట కూర్చున్నది ఇవాళ్టి వాడు. ఫిడే కూడా ఈ తేడా తెలిసే 18 ఏళ్లలోపు వాళ్లకు, 2300 దాటేదాకా, లెక్కలో కె విలువ (ఒక్కో ఆట రేటింగ్‌ను ఎంత కదుపుతుందో తేల్చే అంకె) 40 పెట్టింది. పెద్దవాళ్లకు మొదటి ముప్పై ఆటల తర్వాత, 2400 చేరేదాకా, 20. అంటే మీరు సమ ఉజ్జీని గెలిస్తే పది పాయింట్లు పెరుగుతాయి, 200 తక్కువున్న పిల్లాడి చేతిలో ఓడితే పదిహేను పోతాయి. మూడోది, ఆన్‌లైన్ 1150నీ ఫిడే రేటింగ్‌నీ పక్కపక్కన పెట్టకండి. అవి వేర్వేరు కొలబద్దలు. 2024 మార్చి నుంచి ఫిడే జాబితా 1400 దగ్గరే మొదలవుతుంది, కాబట్టి మొదట్లో రేటింగ్ రాకపోయినా కంగారు పడక్కర్లేదు. నా అంకె ఎప్పుడూ మెట్టు మెట్టుగా పెరిగింది: ఏడాది కదలదు, రెండు నెలల్లో ఎనభై ఎక్కుతుంది, ముప్పై జారుతుంది. ఫోన్‌లో అంకె దాచేసే సెట్టింగ్ ఉంటే దాచేయండి.

నిద్ర, నడక, నీళ్లు ముఖ్యమే, మీకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకటి మాత్రం చెప్తాను: రెండు ఆటలు వరసగా ఓడాక ఆ రోజుకు మూసేయండి. మూడోది ఎప్పుడూ కోపం ఆడుతుంది.

ఇక టోర్నమెంట్. వెళ్లండి. నవ్వులపాలు కారు, మిమ్మల్ని చూసే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు. అయితే ఆన్‌లైన్ నుంచి బల్ల మీదికి వచ్చేవాళ్లకు మొదటిసారి తగిలే దెబ్బలు కొన్నున్నాయి. ముట్టుకున్న పావును కదపాల్సిందే, సరిచేయాలంటే ముందే 'సర్దుతున్నాను' అని చెప్పి ముట్టుకోవాలి. కోట కట్టేటప్పుడు ఒకే చేత్తో ముందు రాజును కదపాలి, ఏనుగును ముందు ముట్టుకుంటే గొడవ. పావు కదిపిన చేత్తోనే గడియారం నొక్కాలి. చెల్లని ఎత్తు ఆడి గడియారం నొక్కితే మొదటిసారి అవతలివాడికి రెండు నిమిషాలు కలుపుతారు, రెండోసారికి ఆట పోతుంది. ఫోన్ హాల్లోకే తీసుకెళ్లకండి. ప్రతి ఎత్తూ రాయాలి, కాబట్టి ఇంట్లో ఓ పది ఆటలు రాస్తూ ఆడి అలవాటు చేసుకోండి. లేదంటే మొదటి గంటంతా ఏ గడి పేరు ఏమిటని వెతకడంతోనే సరిపోతుంది. చెక్క బల్ల కంటికి కొత్తగా ఉంటుంది, తెర మీద కనపడే ఫోర్క్ బల్ల మీద కనపడదు. పజిళ్లలో కొన్నైనా బల్ల మీద పేర్చి చేయండి.

సీనియర్ విభాగం ఉంటే ఆశపడి దానికే పరిమితం కాకండి. ప్రపంచ సీనియర్ పోటీల్లో 50 దాటినవాళ్లకు, 65 దాటినవాళ్లకు వేర్వేరు విభాగాలు ఉన్నాయి, మీ వయసువాళ్లతో ఆడటం హాయిగానే ఉంటుంది. కానీ పాఠాలు నేర్పేది పిల్లలే. రోజుకు రెండు నెమ్మది ఆటలున్న టోర్నమెంట్ అయితే, నిర్వాహకులు ఒప్పుకుంటే ఒక రౌండ్‌కి అర పాయింట్ బై (ఆ రౌండ్ ఆడకుండానే అర పాయింట్) ముందే అడిగి పెట్టుకోండి. నేను మూడో రోజు పొద్దున రౌండ్ వదిలేస్తాను. ఆ పూట పడుకుని, మధ్యాహ్నం ఆటకు తాజాగా వెళ్తాను. మొదటి టోర్నమెంట్‌లో ఆ పని చేయక, ఐదో రౌండ్‌లో ఊరికే దొరికిన అవతలివాడి మంత్రిని కొట్టకుండా వదిలేసి, నా ఏనుగును పక్కకు జరిపి వచ్చాను.